సీటు ఎలా విరిగిందంటే

అధికారి గారికి, కొండ మీద గస్తీ తిరిగే మీ అటవీ గార్డు రాసుకుంటున్న విన్నపం.

నా సైకిలుకు కొత్త సీటు ఇప్పించగలరు. రోజంతా రాళ్ళదారిలో తొక్కాలి కాబట్టి మెత్తగా, మన్నికగా ఉండేది కావాలి. పాతది కింద పడి విరిగిందని మొన్న రాసిచ్చాను. అది అబద్ధం.

ఆ మధ్యాహ్నం ముఖానికి గుడ్డ కట్టుకున్న కలప దొంగ ఒకడు నా తోటి గార్డును గొడ్డలి కామతో పడగొట్టి, ఆయన గొంతు మీద కాలేసి తొక్కుతున్నాడు. నేను సీటును గొట్టంతో సహా పీకి వాడి భుజం మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది.

"అక్కా, నేనే. నువ్వు తప్పుకో," అన్నాడు. కాలు మాత్రం తీయలేదు.

ఈసారి దవడ మీద కొట్టాను. సీటు అప్పుడే విరిగింది. వాడు రక్తం కక్కుకుంటూ పారిపోయాడు. తోటి గార్డు బతికి బయటపడ్డాడు. దొంగ ఎవరో తెలియదని పోలీసులకు చెప్పాను.

వాడు నా సొంత తమ్ముడు. నోరు తెరవలేక ఇంట్లోనే పడి ఉన్నాడు. మా అమ్మ వాడి నోట్లో చెంచాతో పాలు పోస్తూ, "ఏ పాపిష్టోడు కొట్టాడో, వాడి చేతులు పడిపోను," అని ఏడుస్తోంది. పాలగిన్నె నేనే పట్టుకుంటున్నాను.

ఈ ఉత్తరాన్ని పోలీసులకు పంపండి. అమ్మకు నేనే చెబుతాను.