బట్లర్ వేషాలాయన సుఖంగానే పోయాడట

నాన్నా,

పాత హాలీవుడ్ సినిమాల్లో ఎప్పుడూ బట్లర్ వేషాలేసి నవ్వించే ఆ బక్కాయన ఉన్నట్టుండి తెర మీద కనబడకుండా పోయాడని, దిక్కులేకుండా చనిపోయాడేమోనని నువ్వు చివరిదాకా బెంగపడ్డావు. నిన్న జార్జ్ టౌన్‌లో ఆయన సినిమా వేస్తున్నారంటే అమ్మను తీసుకెళ్లాను. సినిమాలు మానేశాక ఆయన ఊరూరా తిరిగి నాటకాలాడాడని, పండు ముసలయ్యాక మనవల మధ్య నిద్రలోనే పోయాడని ఆట మొదలుపెట్టే ముందు నిర్వాహకుడు చెప్పాడు.

అమ్మ నా చెయ్యి పట్టుకుని, ఇక్కడి మలయ్ వాళ్లలా మాట చివర 'లా' తగిలించి అంది. "ఏటి, సుకంగానే పోయినాడా? మీ నాయిన ఉత్తినే బెంగెట్టుకున్నాడు లా!"

నాకూ గుండె తేలికైంది. తెర మీద ఆయన గుమ్మంలో జారిపడగానే అమ్మ అందరికన్నా ముందు, హాలంతా వినబడేలా నవ్వింది. నేను ఊరుకోమనలేదు.

నీ కూతురు