పెనుకొండకు ఏడుగురి పట్టీ

1938 ఏప్రిల్ 3, ఆదివారం

ఎండ అప్పుడే ముదిరింది. సాయంత్రం దేవదానం అయివారి ఇంటికి వెళ్లాను. గుమ్మం ముందు ఒక్కరే కూర్చుని ఉన్నారు. బదిలీ కాగితం వచ్చిందట. జూన్ నుంచి ధర్మవరం బడి.

"దూరమేం గాదులేప్పా. రైలెక్కితే ధర్మవరం" అన్నారు. 

గుడ్‌ఫ్రైడే సెలవుల్లో పెనుకొండ పోదామన్నది ఆయనే. "శుక్రవారం, ఆదివారం మాకు చర్చి. నడమ శనివారం ఖాళీ. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తాం. ఆ రాయి చూపిస్తా నీకు. ఎన్నేండ్లనుంచి చెప్తాండా..."

కొండ సగం ఎక్కినాక ఒక బండ మీద పాత అక్షరాలున్నాయి. ఆయన చదవగలరు. పక్కన కూర్చోబెట్టుకుని నాకూ నేర్పుతానని నాలుగేళ్లుగా మాట. నేను బడికి పోయినవాణ్ణి కాను. నేను పనిచేసే బెల్లం మండీలో చూసి చూసి అంకెలు నేర్చుకున్నాను. అక్షరాలు అంగళ్ల బోర్డుల మీద. చేతిరాత మాత్రం ఆయన పెట్టిందే. కాగితం పైన ఆయన ఒక పంక్తి రాసిస్తే, కింద నిండా నేను దిద్దేవాణ్ణి.

శనివారం. ఇద్దరమే. సద్ది కట్టుకుని.

ఏప్రిల్ 4

నోరు తెరవకుండా ఉండవలసింది.

రోజూలాగే పేపరు చదవడానికి వెంకటరమణప్ప బట్టల అంగడి అరుగు మీదికి వెళ్లాను. "సెలవులకు యాడికప్పా?" అన్నాడు. "పెనుకొండకు" అన్నాను. ఆ ఒక్క మాట. రోజుకు పది మాటలు మాట్లాడని నేను ఆ మాట ఎందుకు మాట్లాడాలి?

"ఓహో! మూగెద్దు కొండెక్కుతాదంట! పద, మేమూ వస్తాం."

అరుగు మీద అందరూ నవ్వారు. నవ్వుతూనే ప్రయాణం ఖాయం చేసుకున్నారు.

ఏప్రిల్ 6

నాతో కలిపి ఇప్పటికి ఆరుగురు. తాలూకా కచేరీ గుమాస్తా సీతారామయ్య కూడా. ఒక రోజు కాస్తా రెండు రోజులైంది. శనివారం రాత్రి సత్రంలో పడక, ఆదివారం తిరుగు రైలు. నన్నెవరూ అడగలేదు. నేనూ వద్దనలేదు.

ఏప్రిల్ 7

కొండ మీదికి గ్రామఫోను కూడా వస్తుందట!

ఏప్రిల్ 8

అరుగు మీద గంటసేపు తిండి రభస. చిత్రాన్నమా, పులుసన్నమా. ఓళిగల్లోకి నెయ్యి ఇంట్లోనే కాచి తేవడమా, పైన కాచుకోవడమా. వెంకటరమణప్ప వక్కాకు నములుతూ, గోడ వారన ఉమ్ముతూ, మధ్య మధ్య తేన్చుతూ తీర్పులు చెబుతున్నాడు. ఇంకా వండని ఓళిగకు ఇప్పుడే తేన్పు. ఆ ఎర్రటి నోరు చూడలేక పేపరు అడ్డం పెట్టుకున్నాను.

కొండ సంగతి ఒక్కడూ ఎత్తడు. ఏ దారిన ఎక్కాలి, ఎండ వేళకు ఎక్కడ నీడ దొరుకుతుంది, పైన ఏం చూడాలి — ఏమీ లేదు. ఉండబట్టలేక అడగబోతే, "కొండ యాడికి పోతాది బ్బా! ఆడనే పడుంటాది. ముందర తిండి చూడు" అన్నాడు.

సీతారామయ్య ఎవరి వంటా ముట్టడు. ఆయన అన్నం ఆయన ఇంటి నుంచి, నీళ్లు ఆయన వెండి చెంబులో. అందుకు అందరూ, "అవును స్వామీ, మీ మడి మీది" అని చేతులు జోడించారు. ఆయన కళ్లు మూసుకుని ఆ గౌరవాన్ని పుచ్చుకున్నాడు.

ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

ఏప్రిల్ 10, ఆదివారం

టిక్కెట్లకు తలలు లెక్కపెడుతుంటే చెప్పక తప్పలేదు. దేవదానం అయివారూ వస్తున్నారు... అసలు ఈ ఆలోచన ఆయనదే.

ఎవరో పేపరు మడిచిన చప్పుడు.

"దేవదానమా?"

ఊళ్లో అక్షరం చెప్పే ప్రతివాణ్ణీ అయివారంటారు. ఈయనను మాత్రం పేరు పెట్టి అంటారు. ఆయన తాత ఏ పేటలో పుట్టాడో ఈ అరుగు ఇంకా మరవలేదు. మనవడు ముప్పై ఏళ్లు బడి నడిపినా మరవలేదు.

సీతారామయ్య ఉత్తరీయం దగ్గరికి లాక్కున్నాడు. వెంకటరమణప్పే తేల్చాడు. "రానీండప్పా. కొండ దావలు ఆయప్పకు బాగ తెలుసు. ముందర నడుస్తాడు. రాత్రికి ఎట్లాగూ ఉండడు, ఆదివారం వాళ్లకు చర్చి. మంచిదే అయింది. సత్రంలో ఆయప్పకు చోటు అడిగే పని లేదు."

మంచిదే అయిందట.

ఈ సెలవు ఎందుకిచ్చారో వీళ్లలో ఒక్కడికీ పట్టదు. ఆయన దేవుణ్ణి శిలువ వేసిన రోజు. ఆయన సెలవులో, ఆయన ఆలోచనలో, ఆయనకు ఎంత దూరాన చోటివ్వాలా అని చూస్తున్నారు.

ఏప్రిల్ 11

ఎవరెవరు ఏమేమి తేవాలో వెంకటరమణప్ప పట్టీ రాయించాడు. "మూగెద్దు చెయ్యి బాగుంటాది. నువ్వే రాయప్పా."

రాశాను. వెంకటరమణప్పకు ఓళిగలు, నెయ్యి, గ్రామఫోను. సీతారామయ్యకు జంపఖానాలు. ఇద్దరు అంగడివాళ్లకు చిత్రాన్నం, వడలు. ఒకరికి పెరుగన్నం. నాకు మంచినీళ్ల కడవ, దాన్ని మోసే కూలిమనిషి. ఏడో పేరు ఆయనది.

"దేవదానం ఏం తేవల్ల?" ఎవరో అడిగారు.

"ఏం తెచ్చినా మనం తింటామా?"

నవ్వు. వెంకటరమణప్ప పొట్ట ఊగింది. "ఇట్లా రాయి — తన లోటా తాను తెచ్చుకోవలెను. పైనుంచి పోస్తే సరి."

కలం ఆగింది. ఆగిందని ఇక్కడైనా రాసుకుంటాను.

"ఏమప్పా, సిరా ఐపోయిందా?"

రాశాను. అక్షరాలు గుండ్రంగా, పంక్తి వంకర పోకుండా. ఆయన నేర్పినట్టే.

ఇంటికొచ్చి చెయ్యి తోముకున్నాను. సిరా పోయింది.

ఏప్రిల్ 12

ఇంట్లో ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. ఎవరెవరు ఏం తెస్తున్నారని అడిగింది. చెప్పాను.

"అయివారు?"

అదీ చెప్పాను. ఆమె తలెత్తలేదు. "రాసింది ఎవురు?"

నేను దండెం మీద తువాలు సర్దాను.

"ఆయప్ప మనింటికి వచ్చినప్పుడు నీళ్లు యా లోటాతో ఇస్తానో నాకే తెలీదు. చేతికి ఏది దొరికితే అది. వేరుగా పెట్టల్లని ఎప్పుడూ తోచలేదు నాకు" అంది. మళ్లీ రాళ్లు ఏరుకుంది.

ఏప్రిల్ 13

ఆ పంక్తి కొట్టేయమని చెప్పడానికి అరుగుకు వెళ్లాను. పేపరు చదివి వచ్చాను.

ఏప్రిల్ 14

పట్టీని వెంకటరమణప్ప నిన్ననే ఇంటింటికీ తిప్పాడట, అందరూ చూసి చేవ్రాలు పెట్టాలని.

మధ్యాహ్నం అయివారు మండీకి వచ్చారు. బెల్లం దిమ్మెల మధ్య, ఈగల రొదలో, గొడుగు చంకలో పెట్టుకుని నిలబడ్డారు.

"పట్టీ వచ్చిందప్పా. చూస్తూనే తెలిసింది నీ చెయ్యని. బాగా కుదిరింది రాత. ఇంక నేను దిద్దేదేం లేదు."

వెక్కిరింత అయితే బాగుండేది. ఆయన ముఖంలో అది లేదు. నిజంగానే రాతను మెచ్చుకుంటున్నారు.

"అయివారూ..."

"లోటా తెస్తాలే. ఇంట్లో మంచిదే ఉండాది."

"ఇంకోసారి పోదామా, మనిద్దరమే?" ఇంతవరకు నోటికి వచ్చింది.

"ఇంకోసారి యాడిదప్పా? నేనేమో ధర్మవరంలో, నువ్వేమో ఈ దిమ్మెల్లో. రాయి చూపిస్తానంటి. చూపిస్తా. వాళ్ల కోసమా నేను వచ్చేది?"

చేవ్రాలు కూడా పెట్టేశారట. వెళ్లిపోతుంటే వెనక నుంచి చూశాను. చొక్కా వీపంతా తడిసి ఉంది. ఈ ఎండలో బడి నుంచి నడిచి వచ్చారు, నా మనసు తేలిక చేయడానికి.

తేలిక కాలేదు. నా చెయ్యి నాకే రోతగా ఉంది.

ఏప్రిల్ 15, శుక్రవారం

పొద్దున చర్చి గంట. లోపల పాట. ఎదురు వీధిలో గోడ నీడన నిలబడ్డాను. ఆయన గొంతు విడిగా తెలిసింది. కాస్త అపశ్రుతి, అయినా ఎక్కడా ఆగదు. జనం బయటికి రాకముందే వచ్చేశాను.

మధ్యాహ్నం కొత్త కాగితం తీసి పట్టీ మళ్లీ రాశాను. అవే ఏడు పేర్లు. ఓళిగలు లేవు, గ్రామఫోను లేదు. వెంకటరమణప్ప — తన లోటా తాను తెచ్చుకోవలెను. సీతారామయ్య — తన లోటా తాను తెచ్చుకోవలెను. అట్లా ఆరు పేర్లకూ. నా పేరుకు కూడా.

ఏడో పేరు, దేవదానం. పక్కన అయివారు అని చేర్చాను. ఆయన ఎదుట ఏమీ రాయలేదు.

ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు.

స్టేషన్లో వెంకటరమణప్ప చేతికి ఇవ్వాలి, అందరి ముందు, అయివారు ఉండగానే. మాట్లాడే పని లేదు. చెయ్యి చాపితే చాలు... దాని తర్వాత ఆ అరుగు ఉండదు. పేపరు ఉండదు. మండీలో కూడా వెంకటరమణప్ప మాటకు బలముంది.

ఏప్రిల్ 16, శనివారం

తెల్లవారింది. కాగితం చొక్కా జేబులో. తీసి చూశాను. మళ్లీ పెట్టాను. చెమటకు అప్పుడే ఒక మూల తడి.

నీళ్ల కడవ గడప పక్కన. ఆమె సద్దిమూట కట్టింది. మా ఇంటి లోటా ఒకటి తెచ్చి, కడవ మీద బోర్లించింది. "ఇది నీకొక్కనికి మూటలోనా, అందరికీ ఈడనేనా?"

నేను జేబు తడుముకున్నాను. లోటా అక్కడే ఉంది.

వీధిలో జట్కా ఆగింది. అప్పుడే నవ్వులు. వక్కాకు ఉమ్మిన చప్పుడు.

"ఏమప్పా మూగెద్దూ! లేచినావా లేదా? పలకవేమబ్బా?"