చెయ్యి వెనక్కి లాగొద్దు

ధర్మవరం,
మంగళవారం

తిప్పేష్,

హాస్టల్లో మీ ఫోన్లు తీసుకున్నారట, అందుకే ఈ ఉత్తరం. నాయన పామిడిలో పెండ్లి చూసుకుని ఆదివారం నేరుగా నీ దగ్గరికే వస్తున్నాడు, నిన్ను ఇంటికి తీసుకురావడానికి. "వానికి పొడుగు తప్ప ఏముండాది? దూరం నుంచి ఏస్తే ఒగటీ పడదంట. వచ్చి మగ్గంలో కూర్చోమను" అని అరిచిపోయినాడు. నీ బాస్కెట్‌బాల్ సెలక్షన్ శనివారమే.

కోచ్ సార్ పంపిన వీడియో మళ్లీ మళ్లీ చూశాను. బంతి వదిలీ వదలకముందే నీ కుడిచెయ్యి కిందికి గుంజుకుంటోంది. పోగు మోసే నాడె అటూ ఇటూ ఉరకడానికి మగ్గం తాడు గుంజినట్టే! అక్కడ తాడు లేదు రా. బంతి బుట్టను తాకేదాకా చెయ్యి పైనే ఉంచు. అదొక్కటి కుదిరితే నిన్ను ఆపేవాళ్లుండరని సార్ కూడా అన్నారు.

కుదరకపోతే ఇంటికొచ్చి నేసుకుంటాలే అనుకోకు. నిన్నటి నుంచి నీ మగ్గంలో నేను కూర్చుంటున్నాను. నాయన ఇంకా చూడలేదు. నీ పొడుగు కాళ్ల కోసం మగ్గం కింద ఆయన లోతుగా తవ్విన గుంతలో తొక్కుడు చెక్కలు నాకు అందలేదు. వాటిని పైకి కట్టి, గుంతను సగం మట్టితో పూడ్చేశాను.

నీ మోకాళ్లు ఇక అందులో పట్టవు.

అక్క