మిల్లు తెరిచిన రోజు

శుక్రవారం, రాత్రి

"శుక్రవారం మన మిల్లుకు తిరప్పు విళా" అని మా ఆయనే చెప్పారు. మూతపడిన మిల్లును ప్రారంభోత్సవం చేసి తెరుస్తారంటే మళ్ళీ మిషన్లు తిరుగుతాయని, నాకు పాత పని దొరుకుతుందని అనుకున్నాను. మిల్లు కోటు ఉతికి, చీర మీద వేసుకుని వెళ్ళాను. గేటుకు అరటిచెట్లు కట్టారు. నూలు మిషన్లున్న చోట వరసగా కుర్చీలు. మిల్లు కళ్యాణ మండపమైంది.

"ఏమ్మా, కోటేసుకోని పెండ్లికి వచ్చినావా?" పక్కింటి అత్త నవ్వింది.

మా ఆయన ఒంటి మీద మండపం సూపర్‌వైజర్ కొత్త చొక్కా.

"ముందే చెప్పింటే ఏడ్చుంటావు. పాత్రలు కడిగేకి పని ఆళ్ళు కావాలంట, నీ పేరు చెప్పినాను."

నన్నొక మాట అడగలేదు. అంతమందిలో తల దించుకున్నాను. ఆయన దాన్ని సరే అనుకుని, మేనేజరును పిలిచి నన్ను చూపించారు.