సీత్లా ముందు గోలీ

ఆగస్టు 13, బుధవారం

నిన్న పొద్దున రోజూలాగే సీత్లా తల్లి ముందు దీపం పెట్టాను. మరదలు గోరీ ఉప్పు లేని రొట్టెలు చేసింది. మా లంబాడీల తీజ్ పండుగ అయ్యేదాకా ఆడపిల్లలకు అదే తిండి. తండాలోని పెళ్ళికాని పిల్లలంతా పాడుతూ గోధుమ మొలకల బుట్టలకు నీళ్ళు పోస్తున్నారు. తమ్ముడు హరిలాల్, గోరీల కూతురు దీప తీజ్ కోసమే యూనివర్సిటీ నుంచి వచ్చింది. పాట మధ్యలో దాని చేతిలో బిందె జారింది. దీప కింద పడి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంది.

పిల్ల మీదికి సీత్లా భవాని వచ్చింది, పసుపు నీళ్ళు తేండ్రి అని ఎవరో అరిచారు. అందరూ మొక్కారు. నేనూ మొక్కాను.

సాయంత్రం మా తండా ధర్మా కొబ్బరికాయతో దీప దగ్గరికి వచ్చాడు. తల్లీ, నా బోరుల నీళ్ళు పడ్తయా అని అడిగాడు. నాకేం ఎరుక కాకా అంది దీప. భవానికి ఇంకా కోపం పోలేదు అనుకుంటూ, కొబ్బరికాయ అక్కడే పెట్టి వెళ్ళాడు.

ఆగస్టు 14

దీప నాకొక్కదానికే చెప్పింది. హాస్టల్‌లోనూ పడిందట. ఫ్రెండ్స్ యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కు తీసుకుపోయారట. అక్కడి డాక్టర్ ఉమారాణి స్కాన్‌కు పంపి, ఫిట్స్ అని తేల్చి, గోలీలు ఇచ్చింది. ఒక్కరోజు కూడా మానొద్దంది.

మరెందుకు మానినవ్ బిడ్డా అన్నాను. రొట్టె తప్ప ఏదీ నోట్ల పెట్టొద్దని నువ్వే అంటివి గద అత్తా అంది.

డాక్టర్ మేడంకు ఫోన్ చేశాను. తిట్టలేదు. ఇప్పుడే మొదలుపెట్టండి, సోమవారం సెంటర్‌కు తీసుకురండి అంది. మళ్ళీ పడితే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో నీళ్ళు పోయొద్దు అని కూడా చెప్పింది.

దీప వేసుకోనంటోంది. నియమం తప్పితే తండాకే కీడట.

రాత్రి హరిలాల్‌తో మాట్లాడాను. భవాని అంటే అందరు మొక్కుతరు, ఫిట్స్ అంటే పిల్లనెవడు చేసుకుంటడక్కా అన్నాడు. ఇక చదువు వద్దు, ఇంట్లోనే ఉంటదన్నాడు.

ఆగస్టు 15, ఉదయం 5

ఉప్పు లేని రొట్టె. దాని మీద గోలీ. రెండూ సీత్లా ముందు పెట్టి మొక్కాను. ప్రసాదం అని దీపకు ఇచ్చాను. కళ్ళకద్దుకుని మింగింది.

గుమ్మంలో గోరీ. ఎప్పటి నుంచి చూస్తోందో. నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చింది.

ఆగస్టు 16

సాయంత్రం అందరం కూర్చున్నాం. హరిలాల్ పాత మాటే తీశాడు. గోరీ లేచింది. నా బిడ్డను కొబ్బరికాయలకు ఇయ్య, సదువుకు పోతది అంది. హరిలాల్ నా వైపు తిరిగాడు. సోమవారం పొద్దుగాల గార్ల రైలు స్టేషన్‌ల దింపుత అక్కా అన్నాడు.

దీప పోతుంది. తోడుగా నేను. ఎవరడిగినా ఫిట్స్ అనే చెప్తాం.

ధర్మా కొబ్బరికాయ తిరిగి ఇచ్చేశాం.