ద్వారం దాటకుండా

ఫుమియో, అమ్మ వేళకి తింటోంది, నిద్రపోతోంది. నువ్వు బెంగపెట్టుకోకు.

నువ్వడిగిన సుఖప్రసవం తాయెత్తు కోసం ఇవాళ సముద్రపొడ్డు గుడికి వెళ్లాను. నాన్న పోయి ముప్పై రోజులే కదా, మైలలో ఉండి ద్వారం దాటకూడదని బయటే నిలబడ్డాను. లోపల ఊడుస్తున్న ముసలావిడ చీపురు ఆపి, ఎవరమ్మాయివని అడిగింది.

"చేపల తోకుజి పెద్దకూతుర్ని. మైల యాభై రోజులు. చెల్లికి అన్నాళ్లు టైము లేదు."

"తోకుజి కూతురివా? ఆయన ఈ ద్వారం ఎప్పుడైనా దాటితేగా. చేపల కంపుతో దేవుడి ఎదుటికి రానని వెనక రాళ్లెక్కి, అక్కణ్ణించే రెండు చప్పట్లు కొట్టి మొక్కుకుని పోయేవాడు. నువ్వూ అటే రా."

మోకాళ్లు గీరుకుపోయేలా ఎక్కాను. తీరా ఎక్కాక ఆవిడ తాయెత్తు ఇవ్వనంది. "మీ నాన్న వానల్లోనే పట్టుకెళ్లాడు. చిన్నదానికి ఈసారైనా బిడ్డ దక్కాలన్నాడు. ఒక్క కాన్పుకి రెండెందుకు? నా కళ్లముందే కోటు జేబులో వేసుకున్నాడు."

మనతో ఒక్క ముక్క అన్నాడా ఆ మనిషి.

ఎండునాచు పార్సెల్ అందిందా? అమ్మకి మోకాలి పట్టీలు పంపు, కిందటిసారిలా బిగుతువి వద్దు. మీ ఆయన్ని అడిగానని చెప్పు. తల్లీబిడ్డా చల్లగా ఉండండి.

కార్డు అయిపోతోంది. గుర్తుగా ఉంచుకుంటానని నువ్వు పట్టుకెళ్లిన నాన్న కోటు కంపు కొడుతోందన్నావు. ఉతక్కు. ముందు జేబులు చూడు.

అక్క షిజూయె