డిస్కులో వదిలే ఖాళీ

బుధవారం, రాత్రి

నా బంగారు తల్లి సునీత! రేపు తను పనిచేసే మిర్చి కోల్డ్ స్టోరేజీలో కొత్త సర్వర్ పెడుతోంది. అందులో మొన్ననే వచ్చిన సాఫ్ట్‌వేర్ వెర్షన్ వేయమన్నారట మేనేజరు గారు. "వద్దండి, నిలకడగా నడుస్తున్న పాతదే వేస్తా" అందట!

అన్నం తింటూ నన్నడిగింది. "నాన్నా, నువ్వు ముఠా మేస్త్రిగా ఉన్నప్పుడు బస్తాల గదిలో ఎంత ఖాళీ వదిలేవాళ్లు?"

"మూడో వంతమ్మా. గాలాడకపోతే కాయ నల్లబడుద్ది."

"అయితే డిస్కులోనూ అంతే వదులుతా."

ఐదో తరగతి చదివిన నా మాటకు అంత విలువ! ఎగిరి గంతేయాలనిపించింది. కానీ నిద్ర పట్టడం లేదు. ఒక ఏడు యజమాని గారు చెప్పారని ఆ ఖాళీలోనూ బస్తాలు వేయించాను. రైతుల సరుకంతా పాడైంది. ఆ సంగతి సునీతకి చెప్పలేదు. రేపు మేనేజరు గారు డిస్కులో ఖాళీనీ నింపేయమంటే? తెల్లారగానే చెప్పాలి.

అయినా "వద్దండి" అనడం దానికి వచ్చు. ఆ ఏడు నాకే నోరు రాలేదు...